కవలల్లో ఒక్కదానికే చెవి జబ్బు: మేనరికం ఇంటి నుంచి ఒక కేసు

"ఒకే కడుపున, ఒకే పొద్దున పుట్టినారు సార్. ఒకే ఇల్లు, ఒకే బడి. దానికి లేని చెవి రోగం దీనికి మాత్రం యాడినుంచి వచ్చె?"

అడిగింది పిల్లల జేజి, అంటే నాన్నమ్మ. ప్రశ్న నాకే అయినా చూపు మాత్రం కోడలి మీద ఉంది.

బెంగళూరు తూర్పు వైపు, మారతహళ్లి దగ్గర నేను ఈఎన్‌టీ ప్రాక్టీసు చేస్తున్నాను. సాయంత్రం ఓపీకి తెలుగువాళ్లు బాగా వస్తారు. ఉద్యోగాలు ఇక్కడ, పెద్దవాళ్లు ఊళ్లో. పిల్లకి ఒంట్లో బాగోలేదంటే ఆ పెద్దవాళ్లు రాత్రి బస్సెక్కి దిగిపోతారు. ఆ రోజు కూడా అంతే. తల్లి, తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు, జేజి, తల్లి తరఫు తాత. నా గదిలో కుర్చీలు చాలక తాత తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన గురించి మళ్లీ చెప్పాలి.

తల్లిదండ్రుల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పిల్లల్ని పెద్దది, చిన్నది అంటాను. ఇద్దరి మధ్య తేడా నాలుగు నిమిషాలే అయినా ఇంట్లో వాళ్లూ అలాగే అంటారు.

చిన్నదాని సంగతి

అప్పటికి వయసు మూడేళ్ల రెండు నెలలు. అంతకు పది నెలల ముందు, జూన్‌లో, ఇద్దర్నీ ప్లేస్కూల్లో వేశారు. బెంగళూరులో జూన్ అంటే స్కూళ్లు తెరుస్తారు, ముసురు పడుతుంది, ఒక పిల్ల జలుబు పదిమందికి అంటుకుంటుంది. మూడో వారానికే ఇద్దరికీ ముక్కులు కారాయి. పెద్దదానికి వారంలో తగ్గింది. చిన్నది నాలుగో రోజు రాత్రి చెవి పట్టుకుని ఏడుపు లంకించుకుంది. తెల్లారేసరికి దిండు మీద పసుపు మరక, పిల్ల మాత్రం హాయిగా నిద్ర. చెవి లోపల చీము పట్టి, కర్ణభేరికి చిల్లి పడి, చీము బయటికొచ్చాక నొప్పి తగ్గిందన్నమాట. ఆ చిల్లి రెండు వారాల్లో పూడిపోయింది. కానీ ఆ తర్వాత ఏప్రిల్ లోపు మరో నాలుగు సార్లు అదే తంతు. మొత్తం ఐదు సార్లు, ఐదు యాంటీబయాటిక్ కోర్సులు. అందులో రెండు నేను రాసినవే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆగస్టులో మొదటిసారి నా దగ్గరికి తెచ్చినప్పుడు కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉంది. మందు రాశాను. "మళ్లీ నొప్పి వస్తే తీసుకురండి" అన్నాను. నవంబరులో నొప్పి వచ్చింది, తీసుకొచ్చారు, మళ్లీ మందు రాశాను. మిగిలిన మూడు సార్లు ఇంటి దగ్గర పిల్లల డాక్టరుకు చూపించారు. అంటే చెవి నొప్పిగా ఉన్నప్పుడు అందరం చూశాం. నొప్పి లేనప్పుడు ఒక్కరమూ చూడలేదు. చీము ఆరిపోయాక కూడా కర్ణభేరి వెనక నీరు నిలుస్తుంది. చాలామంది పిల్లల్లో అది మూడు నెలల్లోపు దానంతటదే పోతుంది, పదిమందిలో ఒకరికి సుమారుగా నిలిచిపోతుంది. ఆ నీటికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. వినికిడి తగ్గడం ఒక్కటే ఉంటుంది. అది మూడేళ్ల పిల్ల చెప్పుకోలేదు. నేను అప్పుడే "నొప్పి లేకపోయినా ఆరు వారాలకు ఒకసారి చూపించండి" అని ఉండాల్సింది.

చెప్పింది ప్లేస్కూల్ టీచరు. డైరీలో రెండు లైన్లు రాసి పంపింది. ముందు వరసలో కూర్చోబెడితే పాట పాడుతుంది, వెనక కూర్చోబెడితే పిలిచినా పలకదు అని. ఇంట్లో దాన్ని మొండితనం కింద జమకట్టారు. "దానికి మొండి ఎక్కువ సార్, వాళ్ల నాయన కూడా చిన్నప్పుడు అంతే, పది సార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు" అంది జేజి. ఆ మాట దగ్గర నేను పెన్ను పక్కన పెట్టాను.

చిన్నదాన్ని "నీ పేరేంటమ్మా?" అని అడిగాను. పెద్దది చెప్పింది. "ఏ స్కూలు?" అన్నాను. దానికీ పెద్దదే చెప్పింది. చిన్నది అక్క మూతి వైపు చూస్తూ తల ఊపింది. తర్వాత నేను లేచి వాళ్ల వెనక్కి వెళ్లి మెల్లగా "చాక్లెట్ కావాలా?" అన్నాను. పెద్దది చటుక్కున తిరిగింది. చిన్నది నా బల్ల మీది టార్చిలైట్ మీట నొక్కుతూనే ఉంది.

లోపల చూస్తే పెద్దదాని కర్ణభేరి ముత్యంలా బూడిద రంగులో తళతళలాడుతోంది. చిన్నదానిది రెండు వైపులా పాత మైనం రంగు. మెరుపు లేదు, దాని మీద కనిపించే చిన్న ఎముక పిడి లోపలికి లాక్కుపోయి పొట్టిగా, సున్నంలా తెల్లగా కనిపించింది. గాలి బల్బు ఒత్తితే కర్ణభేరి కదలాలి, కదల్లేదు. కర్ణభేరి కదలికను గీతగా గీసే టింపనోమెట్రీ పరీక్ష రెండు చెవులకూ బల్లపరుపు గీత ఇచ్చింది. మేం బి టైప్ అంటాం, వెనక నీరుందని అర్థం. వినికిడి కొలిచే ఆడియోమెట్రీ ఆటలా చేయించాం. శబ్దం వినబడినప్పుడల్లా బకెట్లో ఒక బిళ్ల వెయ్యాలి. కుడి చెవి 35 డెసిబెల్, ఎడమ 30. ఎముక ద్వారా వినికిడి మొదటి రోజు కుదరలేదు, వారం తర్వాత చేస్తే నార్మల్. అంటే లోపలి నరం బాగానే ఉంది, దారిలో నీరు అడ్డం. 35 డెసిబెల్ అంటే చెవుడు కాదు. పక్క గదిలో మాట్లాడుకుంటుంటే మాటల గుణింతం తెలిసి స, త, ప లాంటి అక్షరాలు జారిపోతాయి చూడండి, అలాంటి వినికిడి. భాష నేర్చుకునే వయసులో అది చాలా పెద్ద లోటు.

పిల్ల గురక పెడుతుందని, నోరు తెరిచి పడుకుంటుందని తల్లి చెప్పింది. ఎక్స్‌రేలో ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్ అనే మెత్తటి కండ దారంతా ఆక్రమించి కనిపించింది.

"మా పుట్టింట్లో ఎవురికీ లేదు"

వంశంలో ఎవరికైనా చెవి సమస్యలున్నాయా అని మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాను. మన ఇళ్లలో అది మామూలు ప్రశ్న కాదని ఇన్నేళ్లకు కూడా నాకు పూర్తిగా అలవాటు కాలేదు. అడగ్గానే గది రెండు పార్టీలు అయిపోతుంది.

"మా ఆయన వైపు ఎవురికీ లేదు సార్. మా పుట్టింట్లో అసలే లేదు. ఈ అమ్మి తలస్నానం చేపించి సరిగ్గా తుడ్చదు, ఏసీలో పండబెడ్తుంది, పెరుగు పెడ్తుంది" అంది జేజి. కోడలు నేల చూస్తూ ఊరుకుంది. ఆమె కూడా ఇంజనీరే, ఈ ముద్ద పెరుగు నేరం ఆమె మీద మొదటిసారి మోపినట్టు లేదు.

అప్పుడు తలుపు దగ్గరి తాత చెవిలో దూది కనిపించింది.

"ఆ దూది దేనికి పెద్దాయనా?"

"చలిగాలికి సార్."

"ఏప్రిల్ నెలలోనా? ఒకసారి తీయండి."

తీశాడు. దూది చివర తడి ఉంది. చెవి వెనక పాత కోత మచ్చ. "చిన్నప్పట్నించీ కారేది సార్. బాయిలో ఈత కొట్టినామంటే ఇంక చెప్పబన్లేదు. ఇరవై రెండేండ్లప్పుడు చెవెనక ఎముక తొలిచినారు. అయినా వానాకాలం వస్తే మళ్లా తడి."

ఈయన పిల్ల తల్లికి తండ్రి. జేజికి ఎవరు? సొంత తమ్ముడు. అంటే మా పుట్టింట్లో ఎవురికీ లేదని ఆమె అంటున్నప్పుడు ఆ పుట్టిల్లు దూది పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. కోడలు మొదటిసారి తలెత్తి నవ్వింది. "అక్కా, నీకు తెల్దా? మనమ్మ ఎన్ని తూర్లు నాకు చెవిలో వెల్లుల్లి నూనె పోసింది" అన్నాడు ఆయన. జేజి మాట మార్చింది.

తల్లిదండ్రులిద్దరూ మేనత్త మేనమామ పిల్లలు, బావా మరదళ్లు. కదిరి దగ్గరి ఒకే పల్లె. ఇలాంటి ఇంట్లో "ఎవరి వైపు నుంచి వచ్చింది" అనే తగువుకు అర్థమే లేదు, రెండు వైపులూ కాస్త పైకి వెళితే ఒకే గడప.

తర్వాత తండ్రిని కూర్చోమన్నాను. "నాకేం లేదు డాక్టర్, నేను బాగానే ఉన్నాను" అన్నాడు. ఫోను ఏ చెవికి పెట్టుకుంటారు అంటే కుడి చెవికి అన్నాడు. ఎడమకు ఎందుకు పెట్టుకోరు అంటే ఒక్క క్షణం ఆలోచించి "అలవాటు" అన్నాడు. ఎడమ కర్ణభేరి మధ్యలో నువ్వుగింజ కంటే కాస్త పెద్ద చిల్లి, అంచులు నున్నగా, పొడిగా ఉన్నాయి. పాతికేళ్ల పైబడిన చిల్లి అయి ఉండాలి. ఆఫీసు మీటింగుల్లో కుడి పక్క వాళ్ల మాట వింటూ, ఎడమ పక్క వాళ్లకు నవ్వుతూ సర్దుకుపోయాడు ఆ మనిషి. పది సార్లు పిలిస్తే గానీ పలకని మొండితనం అదీ.

ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక గళ్లూ సున్నాలూ గీసి వంశవృక్షం వేశాను. పెళ్లి గీత చోట, మేనరికం కాబట్టి, రెండు గీతలు. మూడు తరాల్లో చెవి జబ్బు ఉన్నవాళ్లను నల్లగా నింపితే నలుగురు తేలారు. తాత, తండ్రి, తండ్రి అక్క (ఆమెకు పదో తరగతిలో కర్ణభేరి అతికించే ఆపరేషన్ అయిందని అప్పుడు గుర్తొచ్చింది), చిన్నది. గదిలోకి వచ్చేటప్పుడు ఆ ఇంటి లెక్క ఒకటే.

వంశపారంపర్యం అంటే ఈ జబ్బులో ఏమిటి

పిల్లల్లో చెవి ఇన్ఫెక్షన్ ముక్కు నుంచి వస్తుంది. ముక్కు వెనక భాగాన్నీ కర్ణభేరి వెనకున్న మధ్య చెవినీ కలిపే యుస్టేషియన్ ట్యూబ్ పెద్దవాళ్లలో ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు అది వాచి మూసుకుంటే లోపల గాలి పీడనం తగ్గి నీరు ఊరుతుంది. ముక్కులో ఉండే న్యుమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా లాంటి బ్యాక్టీరియాలు ఆ నీట్లోకి చేరితే చీము. ఇది చాలామంది పిల్లల్లో జరిగేదే. జన్యువులు తేడా తెచ్చేది ఈ దారిలో ఎక్కడెక్కడ అంటే ట్యూబు ఆకారంలో, జిగురు పొర తీరులో, ఆ పొర మీద బ్యాక్టీరియా అతుక్కునే పట్టులో, రోగనిరోధక శక్తి ఎంత త్వరగా స్పందించి ఎంత త్వరగా సద్దుమణుగుతుందో అందులో.

ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాగా నచ్చే అధ్యయనం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగింది, 1999లో అచ్చయింది. పుట్టినప్పటి నుంచి రెండేళ్లు 168 జంటల కవలల్నీ, ముగ్గురేసి పుట్టిన 7 కాన్పుల పిల్లల్నీ నెలనెలా చెవులు చూశారు. ఎన్ని సార్లు నొప్పి వచ్చిందని తల్లుల్ని అడిగి ఊరుకోలేదు. పిల్ల గడిపిన కాలంలో ఎంత భాగం చెవిలో నీరుంది అని కొలిచారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు ఒకరికొకరు ఎంత పోలి ఉన్నారు, వేర్వేరు అండాల కవలలు ఎంత పోలి ఉన్నారు అని చూసి లెక్కగడితే వంశపారంపర్యం వాటా 0.73 తేలింది. కొలిచినదాన్ని గమనించండి. జలుబు రావడం కాదు, నీరు ఎన్నాళ్లు నిలిచిందన్నది.

దీన్ని "పిల్ల జబ్బులో నూటికి 73 వంతులు తల్లిదండ్రులది" అని అర్థం చేసుకుంటారు. అది తప్పు. పిల్లకీ పిల్లకీ మధ్య ఉన్న తేడాలో, ఆ పిల్లలున్న పరిస్థితుల్లో, జన్యువుల పాత్ర అంత అని. నేను ఈ మాట చెప్పడానికి తంటాలు పడుతుంటే తాత అందుకున్నాడు. "మా చేన్లో ఒక పక్క కె-6 రకం శెనక్కాయ వేస్తి, ఒక పక్క కదిరి లేపాక్షి వేస్తి. వాన ఒకటే, భూమి ఒకటే. కాయల్లో తేడా వచ్చిందంటే అది విత్తనం తేడానే గదా సార్. వానే రాలేదనుకో, రెండూ పాయె." నేను పీజీలో ఇంత సులువుగా ఎవరి నోటా వినలేదు.

ఏ జన్యువు అన్న ప్రశ్నకు ఒక్క పేరు జవాబు లేదు. 2015లో ఫిలిప్పీన్స్‌లో తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే ఒక ఆదివాసీ సమూహంలో ఏ2ఎంఎల్1 అనే జన్యువులో ఒక మార్పును పట్టుకున్నారు. అది మధ్య చెవి పొరను ఎంజైముల దాడి నుంచి కాపాడే ప్రొటీనుకు సంబంధించినది. అదే జన్యువులో లోపాలు అమెరికాలో పదేపదే చెవి చీము వచ్చే కొందరు పిల్లల్లోనూ కనిపించాయి. తర్వాత ఎఫ్‌యూటీ2 పేరు బలంగా వచ్చింది. మన ఏ, బి రక్తవర్గాల చక్కెరలు రక్తంలోనే కాకుండా ఉమ్మిలో, జిగురులో కూడా కనిపించాలా వద్దా అన్నది ఈ జన్యువు నిర్ణయిస్తుంది. బ్యాక్టీరియా పట్టుకు ఆ చక్కెరలు ఆసరా అవుతాయి. 2017లో రెండు లక్షల మందికి పైగా యూరోపియన్ సంతతి వాళ్ల జన్యువులు పరిశీలించిన అధ్యయనంలో, చిన్నప్పటి చెవి ఇన్ఫెక్షన్లతో ముడిపడిన చోట్లలో ఎఫ్‌యూటీ2, ఏబీఓ రక్తవర్గం చోటు, టీబీఎక్స్1 కూడా ఉన్నాయి. ఒక్కొక్కటీ పెంచే ప్రమాదం ఇసుమంత. వాటి మొత్తం ఎలా కూడిందన్నదే మనిషికీ మనిషికీ మారుతుంది.

ఇంతకీ జేజి ప్రశ్న ఒకే కాన్పు పిల్లల్లో తేడా ఏమిటని. వీళ్లు ఒకే అండం కవలలు కారు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాల్లోనే రుజువుంది. పెద్దది ఓ పాజిటివ్, చిన్నది బి పాజిటివ్. కాబట్టి వీళ్లు మామూలు అక్కచెల్లెళ్లే, ఒకే రోజు పుట్టారంతే. తల్లీ తండ్రీ చెరో పేకముక్కల కట్ట నుంచి సగం పంచితే ఇద్దరికీ ఒకే చేయి రాదు. చిన్నదానికి తాత ముక్కలు ఎక్కువ పడి ఉండవచ్చు.

పడి ఉండవచ్చు అనే అంటున్నాను. ఎందుకంటే తవ్వేకొద్దీ ఆ "ఒకే ఇల్లు" కూడా ఒకటి కాదని తేలింది. చిన్నది 1.9 కిలోలతో పుట్టి రెండు రోజులు ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంది. తల్లిపాలు ఇద్దరికీ చాలక, బరువు పెరగాలని చిన్నదానికి డబ్బాపాలు పట్టారు. రెండున్నరేళ్ల దాకా రాత్రిళ్లు పడుకోబెట్టి సీసా ఇచ్చారు. పెద్దది రొమ్ము పాలు ఏడాది తాగింది. తల్లిపాలు చెవికి రక్షణ, పడుకుని సీసా తాగడం చెవికి చేటు. ఈ రెండూ బాగా తెలిసిన సంగతులే. మరి తేడా విత్తనానిదా, సీసాదా? ఒక్క ఇంటిని చూసి ఎవరూ తేల్చలేరు. తేల్చేశామని చెప్పే డాక్టరును నేను నమ్మను. అందుకే అన్ని జంటల కవలల్ని వెతుక్కుంటూ పోయారు ఆ పిట్స్‌బర్గ్ వాళ్లు.

మేనరికం ఉంది కాబట్టి అడిగినవి

పైన చెప్పిన బాపతు, అంటే చాలా జన్యువులు కొంచెం కొంచెం కలిసే జబ్బు, మేనరికం లేని ఇళ్లలోనూ అంతే తిరుగుతుంది. మేనరికంలో భయపడాల్సింది ఇంకో రకానికి. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులుగా పిల్లకు చేరే అవకాశం. అత్త మామ పిల్లల పెళ్లిలో ఏ ఒక్క జన్యువు చోటైనా తీసుకుంటే అది పదహారింట ఒక వంతు, మేనమామ మేనకోడలి పెళ్లిలో ఎనిమిదింట ఒక వంతు. అలాంటి జబ్బుల్లో కొన్ని చెవి చీము వేషంలోనే వస్తాయి.

వాటిలో నేను ముందు వెతికేది సీలియా జబ్బు. ముక్కులో, ఊపిరితిత్తుల్లో, మధ్య చెవిలో జిగురును ఊడ్చే సన్నటి కేశాలు పుట్టుకతోనే సరిగా ఆడకపోవడం. పుట్టగానే ఆయాసం, ఏడాది పొడుగునా తగ్గని తడి దగ్గు, ఆగని ముక్కు, చెవుల్లో నీరు దీని లక్షణాలు. సగం మందిలో గుండె కుడి వైపు ఉంటుంది, మిగతా సగంలో మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌రేలో గుండె ఎడమన ఉందని నిశ్చింతగా ఉండటానికి లేదు. దీన్ని గుర్తించకుండా చెవిలో గ్రోమెట్ (నీరు నిలవకుండా కర్ణభేరిలో కూర్చోబెట్టే చిన్న గొట్టం) పెడితే నెలల తరబడి కారుతూనే ఉండే ప్రమాదముంది. అందుకే ఆ ఎన్ఐసీయూ రెండు రోజుల మీద తల్లిని చాలాసేపు ప్రశ్నలడిగాను. ఆయాసం కాదు, బరువు తక్కువని, కామెర్లకు లైటు కింద పెట్టారని కాగితాల్లో ఉంది. వేసవిలో దగ్గు ఉండదు, జలుబుకీ జలుబుకీ మధ్య ముక్కు పొడిగా ఉంటుంది. అది కాదనిపించింది.

రెండోది రోగనిరోధక లోపం. న్యుమోనియా, చర్మం మీద గడ్డలు, బరువు పెరగకపోవడం లాంటివి లేవు. ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే రక్తంలో రోగాలతో పోరాడే ప్రొటీన్లు, ఒకసారి చూశాం, వయసుకు తగ్గట్టే ఉన్నాయి. మూడోది పుట్టు చెవుడు. నీటి వల్ల వచ్చిన లోటు వెనక నరం లోటు కూడా దాక్కుంటుంది. మన దేశంలో మేనరికపు ఇళ్లలో జీజేబీ2 జన్యువు వల్ల వచ్చే చెవుడు కొత్త కాదు. ఎముక వినికిడి నార్మల్‌గా వచ్చిన రోజు నాకు నిజంగా టెన్షన్ తగ్గింది.

తండ్రి మరుసటి సారి వచ్చినప్పుడు ఒక ప్రింటవుట్ తెచ్చాడు. ఉమ్మి పంపితే జాతకం చెప్పే రకం జన్యు టెస్టు. "చెవి ఇన్ఫెక్షన్లు: ప్రమాదం కొంచెం ఎక్కువ" అని ఉంది. జన్యువుల్లో ప్రొటీన్లను తయారుచేసే భాగాలన్నీ చదివే పూర్తి ఎక్సోమ్ టెస్టు కూడా చేయిద్దామా అన్నాడు. వద్దన్నాను. తడి దగ్గు ఉన్నా, ఇమ్యునోగ్లోబులిన్లు తక్కువగా ఉన్నా, నరం లోటు ఉన్నా నేనే రాసేవాణ్ని. ఇవేవీ లేనప్పుడు ఆ రిపోర్టులో ఏం వచ్చినా రేపు నేను చేసే పని మారదు. "మీ చెవిలో చిల్లి, మామగారి చెవిలో దూది, ఆ రెండూ మీరు డబ్బు కట్టిన టెస్టు కంటే నాకు ఎక్కువ చెప్పాయి" అన్నాను. కాస్త నొచ్చుకున్నాడనుకుంటా.

ఏం చేశాం

మొదట మూడు నెలలు ఆగాం. నీరు నిలిచిన చెవికి యాంటీబయాటిక్, జలుబు సిరప్‌లు పనిచేయవు. అవన్నీ ఆపించాను. ఆగడమంటే ఇంట్లో వాళ్లకు చేతులు ముడుచుకుని కూర్చున్నట్టే ఉంటుంది. అందుకని చేయాల్సినవి చెప్పాను. రాత్రి సీసా మాన్పించాలి (అప్పటికే మానేశారు), బాల్కనీలో తండ్రి సిగరెట్ మానాలి, తలస్నానం తర్వాత గది తలుపులేసి వేసే సాంబ్రాణి పొగ ఆపాలి, వెల్లుల్లి నూనె చెవిలో పోయకూడదు, పిల్లతో ఎదురుగా కూర్చుని ముఖం చూపిస్తూ మాట్లాడాలి, స్కూల్లో ముందు వరస. పెరుగు తినవచ్చు. ఆ చివరిది జేజి వింటుండగా రెండు సార్లు చెప్పాను. న్యుమోకాకల్ టీకా బూస్టరుతో సహా ఇద్దరికీ వేయించి ఉంది, ఫ్లూ టీకా ఆ ఏడు వేయించారు.

ఈ మూడు నెలల్లో నాకు అనుకోని అవకాశం దొరికింది. జూన్‌లో స్కూలు తెరవగానే ఇద్దరికీ ఒకే వారం జలుబు పట్టింది. ఇద్దరికీ టింపనోమెట్రీ చేశాను. పెద్దదానికి కూడా బల్లపరుపు గీతే! మూడు వారాలకు అది సి టైప్ అయింది, అంటే నీరు పోయి పీడనం మాత్రం తక్కువ. ఐదో వారానికి మామూలు కొండ ఆకారం. చిన్నదాని గీత అన్ని రోజులూ కదల్లేదు. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి జేజికి చూపించాను. జబ్బు ఇద్దరికీ వచ్చింది, పోవడం ఒక్కదానికే వచ్చు. ఆమె ప్రశ్నకు నా దగ్గరున్న అసలు జవాబు ఆ కాగితం ముక్కే.

జులైలో రెండు చెవుల్లో గ్రోమెట్లు పెట్టి, ఎడినాయిడ్ తీసేశాం. నాలుగేళ్లలోపు పిల్లలకు చెవి నీటి కోసమే ఎడినాయిడ్ తీయను. ఇక్కడ గురక, నోటితో ఊపిరి ఉన్నాయి. కర్ణభేరి ముందు కింది భాగంలో చిన్న గాటు పెట్టి సక్షన్ పెడితే నీరు రాలేదు. తుమ్మబంకలా సాగుతూ ఒకటే తీగ వచ్చింది, గొట్టంలో ఇరుక్కుంది కూడా. జొన్నగింజలో సగం ఉండే గ్రోమెట్‌ను ఆ గాట్లో కూర్చోబెట్టాం. ఇంటి చరిత్ర లేకపోతే ఇంకో ఆరు వారాలు చూసేవాణ్నేమో. తాత చెవి, తండ్రి చెవి, చిన్నదాని మాట వెనకబడటం మూడూ కలిపి తూకం ఆపరేషన్ వైపు మొగ్గించాయి.

ఇంటికెళ్లిన రాత్రి మిక్సీ వేస్తే చెవులు మూసుకుని ఏడ్చిందట. ఫ్రిజ్ దగ్గరికెళ్లి చెవి ఆనించి "ఏంటిది?" అని అడిగిందట. ఆరు వారాలకు రెండు చెవులూ 15 డెసిబెల్. నాలుగు నెలలు స్పీచ్ థెరపీకి వెళ్లారు. మాట అక్క స్థాయికి చాలావరకు చేరింది, కొన్ని ఒత్తులు ఇంకా పలకవు. ఎడమ గ్రోమెట్ తొమ్మిదో నెలలో దానంతటదే ఊడింది. వెంటనే వచ్చిన జలుబుకు ఆ చెవిలో మళ్లీ నీరు చేరి ఐదు వారాలకు పోయింది. తనంతట తాను పోవడం అదే మొదటిసారి. కుడిది ఇంకా ఉంది. ఆరు వారాలకొకసారి చూస్తూనే ఉన్నాను. ఈ చెవులతో పని అయిపోయిందని చెప్పే ధైర్యం ఇంకా లేదు.

తండ్రి చిల్లి అతికించుకోవాలి. ఆఫీసులో రిలీజ్ అయ్యాక అంటున్నాడు, రెండు రిలీజులు అయిపోయాయి.

ఈమధ్య ఒక సాయంత్రం జేజి మళ్లీ వచ్చింది. ఈసారి చంకలో ఏడు నెలల మగపిల్లవాడు. తమ్ముడి మనవడు, పిల్లల తల్లికి మేనల్లుడు, వాళ్లు హోసకోటెలో ఉంటారు. "జ్వరం లేదు, నొప్పి లేదు, చెవి పట్టుకోడు. ఊరికే చూడు సార్, మా ఇంట్లో ఉంది గదా" అంది. మా ఇంట్లో అంది. చూశాను. ఎడమ చెవిలో కొంచెం నీరు. మందేమీ రాయలేదు, ఆరు వారాల తర్వాతి తేదీ రాసిచ్చాను.

పిల్లవాణ్ని తల్లికిచ్చి ఆమె అక్కడే కుర్చీలో కూర్చుంది.

"నాదీ చూడు సార్."

కుడి చెవి బాగుంది. ఎడమ కర్ణభేరి మీద, పైభాగంలో, సుద్దముక్క అరగదీసినట్టు తెల్లటి పెద్ద మచ్చ ఉంది. చిన్నప్పుడు చీము పట్టి మానిన చెవులకు ఉండే మచ్చ.